హెలికాప్టర్ లైసెన్సు మార్పిడి: ఫీజు కట్టించుకునే ముందే అన్నీ చెప్పండి

హెలికాప్టర్ శిక్షణ సంస్థల యజమానులకు, ఏ దేశంలోనైనా సరే విదేశీ పైలట్ లైసెన్సుల దరఖాస్తులు చూసే అధికారులకు, వాళ్లందరూ పాటించాల్సిన ప్రమాణాలు రాసే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పెద్దలకు,

నమస్కారం.

ఒక దేశంలో తెచ్చుకున్న హెలికాప్టర్ లైసెన్సును ఇంకో దేశంలో చెల్లేలా మార్చుకోవడంలో మేం పడుతున్న ఇబ్బందులు మీలో కొందరికి ఇంతకుముందే విడివిడిగా రాశాం. ఒక లైసెన్సింగ్ కార్యాలయం నుంచి మీ మెయిల్ అందిందని ఆటోమేటిక్ జవాబు వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక స్కూల్‌వాళ్లు ఫోన్ ఎత్తారు గానీ "మార్పిడి సంగతి మీరు వెళ్లే దేశంవాళ్లనే అడగండి" అన్నారు. ఆ దేశంవాళ్లను అడిగితే "మీకు నేర్పిన స్కూల్‌నే అడగండి" అన్నారు. ఇక లాభం లేదని అందరూ చదివేలా రాస్తున్నాం. మేమంటే పెద్ద సంఘమేం కాదు, ఒక దేశంలో హెలికాప్టర్ నేర్చుకుని ఇంకో దేశంలో ఎగరడానికి తంటాలు పడుతున్నవాళ్లం కొందరం, రేపో మాపో డబ్బు కట్టబోతున్నవాళ్లు మరికొందరు.

రూల్స్ సడలించమని మేం అడగడం లేదని ముందే చెప్పేస్తున్నాం. కొత్త దేశంలో ఎగరాలంటే అక్కడి ఎయిర్ లా (విమానయాన చట్టాలు) చదవాలి, అక్కడి కొండలూ గాలులూ తెలియాలి, కొత్త రకం హెలికాప్టర్ అయితే దాని మీద మళ్లీ నేర్చుకోవాలి. అమెరికాలో తయారయ్యే రాబిన్సన్ ఆర్22లో కలెక్టివ్ (హెలికాప్టర్‌ను పైకి లేపే లివర్) ఎత్తగానే ముక్కు కుడికి తిరగబోతుంది, ఎడమ పెడల్‌తో ఆపుతాం. ఫ్రాన్స్‌లో తయారయ్యే కాబ్రి జీ2లో రోటర్ తిరిగే దిశే వేరు, ముక్కు ఎడమకు పోతుంది, కుడి పెడల్ తొక్కాలి. వంద గంటలు ఒకదాంట్లో అలవాటైన కాలు, కంగారులో రెండోదాంట్లో తప్పు పెడల్ తొక్కితే ఏమవుతుందో మాకూ తెలుసు. కాబట్టి పరీక్ష పెట్టండి, చెక్ రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) పెట్టండి, ఫెయిల్ చేయాల్సి వస్తే చేయండి. ఏం కావాలో, ఎంత అవుతుందో, ఎన్నాళ్లు పడుతుందో డబ్బు కట్టకముందు ఎవరూ చెప్పరు, కట్టాక ఒక్కొక్కటీ బయటపడుతుంది. మా గొడవంతా దాని గురించే.

పైలట్లు కానివాళ్లు కూడా చదువుతారు కాబట్టి నేపథ్యం కాస్త చెప్పాలి. 1944 షికాగో ఒప్పందంలో 33వ అధికరణం ప్రకారం ఒక దేశం ఇచ్చిన లైసెన్సును, అది కనీస ప్రమాణాలకు తగ్గట్టుంటే, మిగతా సభ్య దేశాలు గుర్తించాలి. వినడానికి బాగానే ఉంది. అయితే దానికి ముందున్న 32వ అధికరణం ఏమంటుందంటే, పైలట్ దగ్గర ఉండాల్సింది ఆ హెలికాప్టర్ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం ఇచ్చిన లైసెన్సు, లేదా ఆ దేశం చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు. అంటే మీ లైసెన్సు మీ దేశపు రిజిస్ట్రేషన్ ఉన్న హెలికాప్టర్‌కే సరిపోతుంది, పక్క దేశపు హెలికాప్టర్ ఎక్కాలంటే వాళ్ల ముద్ర కావాలి. ఆ ముద్ర పాత లైసెన్సును ఆధారం చేసుకుని కొంతకాలం చెల్లేదైతే వాలిడేషన్, వాళ్ల సొంత లైసెన్సే ఇస్తే కన్వర్షన్. ఈ రెంటికీ తేడా తెలియకుండానే చాలామంది స్కూల్ గేటు దాటుతారు, స్కూళ్లు కూడా అడిగితే తప్ప చెప్పవు.

ఇక అసలు సంగతులు.

1. కొన్ని ముఖ్యమైన ఒప్పందాల్లో హెలికాప్టర్లు లేవు. అమెరికా, కెనడాల మధ్య లైసెన్సు మార్పిడిని సులువు చేసే ఒప్పందం ఉంది, అది విమానాల లైసెన్సులకే. అమెరికాకూ ఐరోపా సమాఖ్యకూ మధ్య 2021లో అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రైవేట్ పైలట్లకు (జీతానికి కాక సొంతానికి ఎగిరేవాళ్లకు) చాలా పని తగ్గించింది, అదీ విమానాలకే. స్కూల్ బ్రోషర్‌లో మాత్రం "మా లైసెన్సుకు ప్రపంచమంతా గుర్తింపు" అని ఒకే లైను ఉంటుంది. విమానం నేర్చుకునేవాడికి అది కొంతవరకు నిజం, పక్క హ్యాంగర్‌లో హెలికాప్టర్ నేర్చుకునేవాడికి కాదు. హెలికాప్టర్‌వాళ్లం తక్కువమందిమి కాబట్టి మమ్మల్ని తర్వాత చూద్దాం అనుకుని ఉంటారు. ఆ తర్వాత అనేది ఇప్పటిదాకా రాలేదు.

2. గంటల లెక్క. ఐకావో ప్రమాణం ప్రకారం హెలికాప్టర్ కమర్షియల్ లైసెన్సుకు (జీతం తీసుకుని ఎగరడానికి కావాల్సింది) కనీసం 150 గంటలు, గుర్తింపు పొందిన కోర్సులో అయితే 100. అమెరికాలో 150. ఐరోపా రూల్స్‌లో విడతలవారీగా నేర్చుకుంటే 185. ప్రైవేట్ లైసెన్సుకే అమెరికాలో 40, ఐరోపాలో 45. ఎవరి లెక్క వాళ్లది, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ 150 గంటలు పూర్తిచేసి చేతిలో డబ్బు అయిపోయాక మిగతా 35 గంటల సంగతి తెలియడం ఎలా ఉంటుందో, హెలికాప్టర్ గంట ఖర్చు విమానం గంట ఖర్చుకు ఎన్ని రెట్లో తెలిసినవాళ్లు ఊహించుకోగలరు.

దీనికంటే చిత్రమైనది ఇంకోటి ఉంది. అసలు గంట అంటే ఏమిటన్నదే అన్నిచోట్లా ఒకటి కాదు. ఐకావో, ఐరోపా నిర్వచనాల్లో రోటర్ బ్లేడ్లు తిరగడం మొదలైనప్పటి నుంచి ఫ్లైట్ ముగిసి అవి ఆగేదాకా ఫ్లైట్ టైమే. అమెరికా నిర్వచనంలో ఎగరడం కోసం సొంత శక్తితో కదిలినప్పుడు మొదలవుతుంది, దిగి నిలబడితే అయిపోతుంది. రాబిన్సన్ ఆర్44 స్టార్ట్ చేయడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంజిన్ అందుకున్నాక క్లచ్ స్విచ్ వేస్తాం, బెల్టులు బిగుసుకుంటూ రోటర్ మెల్లగా తిరగడం మొదలవుతుంది, క్లచ్ లైటు ఆరేదాకా ఆగాలి, టెంపరేచర్లు పైకి రావాలి, మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించేవి) చూడాలి, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచేది) చూడాలి. దిగాక మళ్లీ ఇంజిన్ చల్లబడాలి, రోటర్ ఆగాలి. ఇంతసేపూ అవర్ మీటర్ తిరగదు, ఎందుకంటే అది కలెక్టివ్ ఎత్తితేనే తిరుగుతుంది. స్కూల్ బిల్లు ఆ మీటర్ ప్రకారమే, స్టూడెంట్ లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటల పుస్తకంలో) రాసుకునేదీ అదే. ఫ్లైటుకు పన్నెండు నిమిషాల చొప్పున వేసుకున్నా వంద ఫ్లైట్లకు 20 గంటలు. ఐరోపాలో నేర్చుకుని ఉంటే ఆ 20 గంటలు నిక్షేపంగా లాగ్‌బుక్‌లో ఉండేవి, అమెరికాలో నేర్చుకున్నవాడికి లేవు, ఇప్పుడు వాటిని తిరిగి చూపించడానికి ఆధారమూ లేదు. ఐరోపా నుంచి అమెరికా వెళ్లేవాళ్లకేమో ఉన్న గంటల్లో కోత. రెండు గీతలు గీసి రెండు సమయాలూ రాసుకోమని మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట చెబితే ఈ గొడవ సగం పోతుంది, దానికి పైసా ఖర్చు లేదు.

3. ఫారాల్లో గళ్లు. మార్పిడి దరఖాస్తులో సాధారణంగా మూడు గళ్లుంటాయి: టైప్ రేటింగ్ (ఒక్కో రకం హెలికాప్టర్ నడపడానికి విడిగా ఇచ్చే అనుమతి), లైసెన్సు గడువు తేదీ, ఇంగ్లిష్ స్థాయి. అమెరికా లైసెన్సు ఉన్నవాళ్లు ఈ మూడింటి దగ్గరా ఆగిపోతారు. అక్కడ 12,500 పౌండ్ల బరువు లోపు హెలికాప్టర్లకు మామూలుగా టైప్ రేటింగ్ అనేదే లేదు, కార్డు మీద "రోటోర్‌క్రాఫ్ట్ హెలికాప్టర్" అని మాత్రమే ఉంటుంది. పైలట్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ లేదు, బదులుగా 24 నెలలకోసారి ఫ్లైట్ రివ్యూ చేయించుకోవాలి, అది లాగ్‌బుక్‌లో ఉంటుంది. ఇంగ్లిష్ విషయంలో "ఇంగ్లిష్ ప్రొఫిషియెంట్" అని రాసి వదిలేస్తారు, ఐకావో పెట్టిన 1 నుంచి 6 స్థాయిల్లో ఏదో చెప్పరు. ఫారం చూసే గుమస్తాకు ఇవేమీ తెలియవు, తెలియాలని లేదు, ఖాళీ గడి కనిపిస్తే అసంపూర్తి అని వెనక్కి పంపుతారు. మళ్లీ ఫీజు, మళ్లీ క్యూ. ఆ దేశపు లైసెన్సుల్లో ఈ వివరం ఇలా ఉంటుంది అని మీ ఆఫీసులో ఒక్క పేజీ నోట్ ఉంటే సరిపోయే పనికి మనుషులు నెలలు పోగొట్టుకుంటున్నారు.

4. మెడికల్. ఒక దేశం క్లాస్ 1 మెడికల్‌ను (కమర్షియల్ పైలట్‌కు కావాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్‌ను) ఇంకో దేశం అలాగే ఒప్పుకోవాలని లేదు, ఐరోపాలో అయితే మొదటిసారి క్లాస్ 1 వాళ్ల ఏరోమెడికల్ సెంటర్‌లోనే చేయించుకోవాలి. రంగులు గుర్తించే పరీక్షలో ఒకచోట పాసైనవాళ్లు ఇంకోచోట ఆగిపోవచ్చు. ఎక్కడ ఉద్యోగం చేయాలనుకుంటున్నారో అక్కడి మెడికల్ ముందు తెచ్చుకుని తర్వాత ఫీజు కట్టండి అని ఏ స్కూల్ అయినా చెబుతోందా? మేం మాట్లాడినవాళ్లలో ఎవరికీ చెప్పలేదు.

5. 150కీ 1000కీ మధ్య అగాధం. కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చిన రోజున ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాదాపు లేరు. హెలికాప్టర్లు నడిపే కంపెనీలూ వాళ్ల ఇన్సూరెన్స్‌వాళ్లూ తరచుగా అడిగేది 1000 గంటల పైమాటే. ఆ గంటలు కూడబెట్టుకోవడానికి అందరూ పట్టుకునే దారి ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. అమెరికాలో ఆర్22 మీద పాఠం చెప్పాలంటే హెలికాప్టర్లలో కనీసం 200 గంటలు ఉండాలి, అందులో 50 ఆర్22 మీదే. ఈ ప్రత్యేక నిబంధన 1995లో వచ్చింది, ప్రమాదాలు చూసి పెట్టింది కాబట్టి దాని మీద మాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా వీసా దగ్గర. ఫ్లయింగ్ స్కూళ్లు ఎక్కువగా ఇప్పించే ఎం1 (వృత్తి శిక్షణ) వీసా మీద కోర్సు అయ్యాక ప్రాక్టికల్ ట్రెయినింగ్ పేరుతో పని చేసే వీలు ఎంత లాగినా ఆరు నెలలు దాటదు, అదీ నాలుగు నెలల చదువుకు ఒక నెల లెక్కన. ఆరు నెలల్లో 200 నుంచి 1000కి ఎవరు వెళ్లగలరు? వాతావరణం బాగుండాలి, స్టూడెంట్లు దొరకాలి, మెషీన్ వర్క్‌షాప్‌లో ఉండకూడదు. బ్రోషర్‌లో "ట్రెయినింగ్ తర్వాత మా దగ్గరే ఇన్‌స్ట్రక్టర్ అవకాశం" అని ఉంటుంది, వీసా సంగతి ఉండదు. స్కూల్‌లో స్థానిక విద్యార్థికి అది నిజమైన అవకాశం, అదే బెంచీ మీద పక్కన కూర్చున్న విదేశీ విద్యార్థికి ఉత్త మాట.

6. మొత్తం ఫీజు ముందే కట్టించుకోవడం. దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు, ఒక పేరు చాలు: సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్. అమెరికాలో నెవాడా కేంద్రంగా అనేక చోట్ల నడిచిన ఈ స్కూల్ 2008 ఫిబ్రవరిలో ఒక్కసారిగా మూతపడి దివాలా తీసింది. ఒక్కొక్కరు 70 వేల డాలర్ల దాకా లోన్ తీసుకుని ముందే కట్టేశారు, రెండు వేల మందికి పైగా విద్యార్థులు నడిరోడ్డున పడ్డారు. లైసెన్సు రాలేదు, లోన్ మాత్రం నిలిచింది. ఇంత జరిగినా ఇవాళ్టికీ మొత్తం కోర్సు ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అనే స్కూళ్లు ఉన్నాయి. వేరే దేశం నుంచి వచ్చినవాడికి స్కూల్ మూతపడితే డబ్బుతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోతుందన్నది వాళ్లకు తెలియనిదేం కాదు.

7. ఆట మధ్యలో రూల్స్ మారడం. బ్రిటన్ 2020 చివరితో ఐరోపా విమాన భద్రతా వ్యవస్థ నుంచి బయటికి వచ్చింది. 2021 జనవరి 1 నుంచి బ్రిటిష్ లైసెన్సు ఐరోపా సమాఖ్య హెలికాప్టర్లకు చెల్లలేదు. బ్రిటన్ మాత్రం అవతలివాళ్ల లైసెన్సులను తన హెలికాప్టర్లకు రెండేళ్లపాటు ఒప్పుకుంది. రాజకీయాల జోలికి మేం పోము. అప్పటికి పదికి పైగా ఉండే గ్రౌండ్ పేపర్లలో (రాత పరీక్షల్లో) సగం రాసి సగం మిగిలినవాళ్ల సంగతే మాకు కావాలి. ఐరోపా పద్ధతిలో ఆ పేపర్లన్నీ 18 నెలల్లో ముగించాలి, పాసయ్యాక కమర్షియల్ లైసెన్సుకు ఆ ఫలితాలు 36 నెలలు చెల్లుతాయి. ఇలాంటి గడియారాలు నడుస్తుండగా పెద్ద మార్పు వస్తే, మధ్యలో ఉన్నవాళ్లను ఒడ్డున పడేసే ఏర్పాటు ముందు రాసి, మార్పు తర్వాత అమలు చేయాలి.

ఇదంతా హెలికాప్టర్లు తోలేవాళ్ల సొంత గోల కదా, మాకేంటి అని చదివేవాళ్లు అనుకోవచ్చు. హెలికాప్టర్ వచ్చేది విమానం దిగలేని చోటికి, అంబులెన్సు చేరలేని చోటికి. వరదలో మిద్దె మీద నిలబడ్డవాళ్లను తాడుతో పైకి లాగేది, అడవి మంటల మీద నీళ్లు పోసేది, సముద్రం మధ్యలో రిగ్గు మీద గాయపడ్డవాడిని ఒడ్డుకు తెచ్చేది ఇవే. ఈ పనులకు అనుభవం ఉన్న పైలట్ కావాలి, అనుభవం ఎక్కడో పుట్టాలి, అది పుట్టాల్సిన 150కీ 1000కీ మధ్యలోనే మనుషులు రాలిపోతున్నారు. రాలిపోయేది చేతకానివాళ్లే అయితే మాకూ బాధ లేదు. డబ్బు ముందు అయిపోయినవాళ్లు, వీసా ముందు అయిపోయినవాళ్లు, ఉత్తరం కోసం చూసి చూసి విసిగినవాళ్లు రాలిపోతున్నారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది, దీన్ని మీరు సీరియస్‌గా తీసుకోవాలి. కాగితాలు తేలేదాకా ఎగరకుండా కూర్చున్న పైలట్‌కు చెయ్యి తప్పుతుంది. ఆటోరొటేషన్ (ఇంజిన్ ఆగినా గాలికి తిరిగే రోటర్‌తో దిగడం) లాంటిది పుస్తకం చదివి గుర్తుంచుకునేది కాదు, ఇంజిన్ ఆగిన ఒకటి రెండు సెకన్లలో కలెక్టివ్ దించకపోతే ఆర్22లో రోటర్ వేగం మళ్లీ చేతికి రాదు. నెలల తరబడి ఫైలు కదలక, అది కదిలిన వారంలోనే చెక్ రైడ్ పెట్టించుకుని, ఆ వెంటనే డ్యూటీ ఎక్కేవాడి వెనక సీట్లో కూర్చునేది మామూలు జనమే.

అందుకని మేం అడిగేవి ఇవి.

స్కూళ్లను అడిగేది: ఏ దేశంలో ఎగరాలనుకుంటున్నారు అన్న ప్రశ్న అడ్మిషన్ ఫారంలో మొదటి గడిగా పెట్టండి. ఆ దేశానికి మీ లైసెన్సు తీసుకెళ్తే ఎన్ని గంటలు, ఎన్ని పేపర్లు, ఏ మెడికల్, ఏ టైప్ రేటింగ్ ఇంకా కావాలో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. తెలియకపోతే తెలియదనే రాసివ్వండి, అదీ మాకు సమాచారమే. ఫీజు ఎగిరిన గంటలకే తీసుకోండి, అడ్వాన్సు కావాలంటే కొద్ది గంటలకు మించి అడగకండి. రోటర్ సమయం, మీటర్ సమయం రెండూ లాగ్‌బుక్‌లో రాయించండి, ప్రతి పేజీ కింద ఇన్‌స్ట్రక్టర్ సంతకం, స్కూల్ ముద్ర ఉండేలా చూడండి. అయిదేళ్ల తర్వాత స్కూల్ లేకపోయినా ఆ పేజీ మాట్లాడాలి. బ్రోషర్‌లో ఉద్యోగం గురించి రాసేచోట వీసా పరిమితి కూడా అదే సైజు అక్షరాల్లో రాయండి.

లైసెన్సింగ్ అధికారులను అడిగేది: హెలికాప్టర్ మార్పిడికి విడిగా ఒక పేజీ పెట్టండి, విమానాల పేజీలో అడుగున "హెలికాప్టర్లకు సంప్రదించండి" అనే లైను మాకు అక్కరకు రాదు. దరఖాస్తు అందాక ఎన్ని రోజుల్లో జవాబిస్తారో చెప్పండి, ఆ గడువు దాటితే ఫైలు ఎక్కడుందో దరఖాస్తుదారు చూసుకునే వీలుండాలి. లైసెన్సు అసలైనదేనా అని ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడిగే ఉత్తరం నేరుగా మీ ఇద్దరి మధ్యే నడవనివ్వండి. ఇప్పుడు చాలాచోట్ల ఆ ఉత్తరానికి గడువుంటుంది, అమెరికాలో ఆరు నెలలు. ఒక ఆఫీసు ఆలస్యం చేస్తే ఇంకో ఆఫీసు కాగితం పాతబడిపోతుంది, రెంటికీ మళ్లీ కట్టేది మేమే. లోపం ఉంటే దరఖాస్తు మొత్తం తిప్పికొట్టకుండా ఆ ఒక్క కాగితం అడగండి.

ఐకావోకు: మీకు 193 సభ్య దేశాలున్నాయి. లైసెన్సు నమూనా, గంటల నిర్వచనం, భాషా స్థాయి మీరు రాసినవే. ఎవరు ఎక్కడ తేడాగా పాటిస్తున్నారో ఆ దేశాలే మీకు తెలియజేయాలన్న నియమమూ ఉంది. ఆ తేడాలను హెలికాప్టర్ల వరకు విడదీసి, మామూలు మనిషి చదివితే అర్థమయ్యేలా ఒక పట్టికగా అందరికీ ఉచితంగా పెట్టండి. ఇకముందు రెండు దేశాలు లైసెన్సు ఒప్పందం చేసుకుంటుంటే హెలికాప్టర్లను ఎందుకు వదిలేశారో అడగండి.

వీటిలో కొన్ని రేపే చేయగలిగినవి. లాగ్‌బుక్‌లో రెండు సమయాలు రాయించడానికి చట్టం మార్చక్కర్లేదు, గుమస్తాకు ఒక పేజీ నోట్ రాసివ్వడానికి అంతర్జాతీయ సమావేశం పెట్టక్కర్లేదు. ముందు అవి చేయండి, ఒప్పందాలు తర్వాత చూద్దాం.

కొత్తగా చేరబోయేవాళ్లకు కూడా ఇక్కడే ఒక మాట: పైన స్కూళ్లను అడిగినవన్నీ మీరే ఒక మెయిల్‌గా పంపండి, రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ఒక్క రూపాయి, ఒక్క డాలరు కట్టకండి. జవాబు ఇవ్వని స్కూళ్ల పేర్లు ఇప్పుడు బయట పెట్టడం లేదు. ఇచ్చిన జవాబులు మాత్రం అందరికీ కనిపించేలా పెడతాం, ఎవరు ఏం చెప్పారో, చెప్పినట్టే జరిగిందో లేదో చేరబోయేవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
ఒక దేశంలో నేర్చుకుని ఇంకో దేశంలో ఎగరడానికి ఎదురుచూస్తున్న హెలికాప్టర్ పైలట్ల తరఫున